డబ్బు చాలడం లేదన్న మాట డాక్టరుకు ముందే చెప్పండి

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. పని దొరికిన రోజే చేతికి డబ్బు వస్తుంది. అమ్మకు ఐదు రకాల మందులు రాశారు. నెలకు సరిపడా కొనలేక నాలుగు నెలలుగా కొన్ని మాత్రలు సగానికి విరిచి, కొన్ని రోజు విడిచి రోజు ఇస్తున్నాను. ఈ సంగతి అమ్మకు పూర్తిగా తెలియదు. డాక్టరు గారికీ చెప్పలేదు. మొన్న తీసుకువెళితే బీపీ తగ్గలేదని ఇంకో మందు కలిపారు, కొన్ని పరీక్షలు రాశారు. అవి చేయించలేదు. అప్పు చేయాలా, మందులు కొన్నాళ్లు ఆపాలా తెలియడం లేదు. మాలాంటివాళ్లకు వైద్యం అందే దారి ఉందా? నాకు కూడా రెండు నెలలుగా రొమ్ములో చిన్న గడ్డలా తగులుతోంది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు.
— ఒక కూతురు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా చెప్పవలసినవి రెండు. మందులు ఆపకండి. అప్పు కోసం ఇప్పుడే ఎవరి గడపా తొక్కకండి. ఆ రెండింటికన్నా ముందు చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. ఈ నాలుగు నెలలుగా మీ ఇంట్లో జరుగుతున్నది డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుందో మీరే రాశారు. అమ్మ పూర్తి మోతాదు వేసుకుంటున్నారని డాక్టరు గారు అనుకున్నారు. అయినా బీపీ దిగలేదు కాబట్టి మందు చాలడం లేదనుకుని ఆరోది కలిపారు. ఐదింటికే చాలని డబ్బుతో ఇప్పుడు ఆరు కొనాలి. వారు తమ ముందున్న అంకె చూసి వైద్యం చేశారు, మీరు చేతిలో ఉన్న డబ్బు చూసి మందులు పంచారు. ఈ రెండు లెక్కలూ ఒకచోట కలవలేదు. ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. రేపు ఏ జ్వరంతోనో అమ్మ ఆసుపత్రిలో చేరవలసి వస్తే, అక్కడివాళ్లు చీటీ చూసి ఆరు మందులూ పూర్తి మోతాదులో ఇస్తారు. అలవాటు తప్పిన ఒంటికి అంత మందు ఒక్కసారిగా పడితే బీపీ మరీ దిగిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు. షుగర్ మందుల్లో కొన్నింటితో షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మీరు ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. నేను చాలా ఏళ్లు ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేశాను. నెల రోజుల చీటీ ఇచ్చి "పది రోజులకు ఇవ్వండి, చాలు" అనేవారు ఆ మాట పక్కవారికి వినపడకూడదని కౌంటరు మీదికి వంగి చెబుతారు. ఒకసారి ఒక పెద్దాయన ఐదు మందుల చీటీ ఇచ్చి, ఒక్కొక్కదాని ధర అడిగి, చౌకగా ఉన్న రెండు తీసుకున్నారు. ఒకటి విటమిన్ మాత్ర, ఇంకొకటి గ్యాస్ మాత్ర. ఆయన వదిలేసిన మూడూ గుండెకు, బీపీకి రాసినవి. వాటిలో ఏది వదిలినా ఫర్వాలేదో, ఏది వదిలితే ప్రాణం మీదికి వస్తుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. వరుస పొడవుగా ఉందని ఆ రోజు నేనూ చెప్పలేదు. ఆ తరువాత మాత్రం చీటీలో సగం కొనేవారిని ఎవరినీ అడగకుండా పంపలేదు.

మీరూ ఆయనలాగే ధరను బట్టి ఎంచుకుంటూ ఉండవచ్చు. ఇది తెలివితక్కువతనం కాదు. డబ్బు అడ్డుపడిన ప్రతిచోటా మనుషులు ఇలాగే చేస్తారు. 1974 నుంచి 1982 వరకు అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ వేలమంది మీద ఒక పెద్ద అధ్యయనం చేసింది. కొందరికి వైద్యం ఉచితంగా ఇచ్చి, కొందరిని ఖర్చులో వాటా భరించమన్నారు. వాటా భరించవలసినవారు అనవసరమైన వైద్యం ఎంత తగ్గించుకున్నారో, అవసరమైన వైద్యమూ దాదాపు అంతే తగ్గించుకున్నారు. ఏది అవసరమో ఏది కాదో రోగికి ఎలా తెలుస్తుంది? బీపీ ఉన్న పేదవారిలో ఉచిత వైద్యం అందినవారికే అది మెరుగ్గా అదుపులోకి వచ్చింది. కాబట్టి మిమ్మల్ని మీరు నిందించుకోవడం ఈ రోజుతో మానేయండి. ఎంపిక చేసే పనిని మాత్రం దాని గురించి తెలిసినవారి చేతిలో పెట్టండి.

ఈసారి వెళ్లేటప్పుడు అమ్మ వాడుతున్న మందుల అట్టలన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. గదిలోకి అడుగుపెట్టగానే, డాక్టరు గారు కలం తీయకముందే చెప్పండి. "ముందుగా ఒక విషయం చెప్పాలండీ. డబ్బు చాలక అమ్మకు ఈ మందులు నాలుగు నెలలుగా సగం సగం ఇస్తున్నాను. నెలకు నేను పెట్టగలిగింది ఇంత. ఇందులో అమ్మకు ఏవి తప్పనిసరో చెప్పండి." మీరు పెట్టగలిగిన మొత్తాన్ని అంకెలో చెప్పడం ముఖ్యం. "కొంచెం తక్కువలో రాయండి" అంటే ఎవరి కొంచెం వారిదిగా ఉంటుంది. అంకె వినగానే చాలామంది డాక్టర్లు చీటీని కొత్త కళ్లతో చూస్తారు. విసుక్కునేవారు కూడా ఉంటారు, లేరని నేను చెప్పను. అప్పుడు నర్సునో, మందులిచ్చేవారినో ఇదే మాట అడగండి. కుదరకపోతే మరో డాక్టరు దగ్గరికి వెళ్లండి. అడిగినందుకు మీరు చిన్నబోవలసిన పని లేదు.

అక్కడ మీరు రాబట్టవలసిన మొదటి సంగతి మందుల వరుస. ఏది ఒక్క పూట కూడా తప్పకూడదు, ఏది ఆలస్యమైనా ముంచుకొచ్చేది లేదు, ఏది మానేయవచ్చు అని అడిగి చీటీ మీదే 1, 2, 3 అని అంకెలు వేయించుకోండి. బీపీ, షుగర్ ఉన్నవారి చీటీల్లో విటమిన్లు, టానిక్కులు, ఎప్పుడో కడుపు మంటకు రాసి అలాగే కొనసాగుతున్న మాత్రలు తరచుగా కనిపిస్తాయి. అవి తీసేస్తేనే భారం కొంత దిగవచ్చు. ఇంకోవైపు, హఠాత్తుగా ఆపితే ప్రమాదం తెచ్చే మందులు కూడా ఉన్నాయి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, మూర్ఛ మందులు, ఎక్కువ కాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు, ఇన్సులిన్ అలాంటివి. మీ అమ్మగారి చీటీలో వీటిలో ఏదైనా ఉందేమో ఈ రోజే, ఫోనులోనైనా సరే, కనుక్కోండి.

మాత్రలు విరవడం గురించి కూడా అడగండి. విరవడమే తప్పు కాదు. నడిమికి గీత ఉన్న ఎక్కువ మోతాదు మాత్ర కొని, డాక్టరు చెప్పిన మీదట సగం చేసి వాడితే కొన్నిసార్లు ఖర్చు నిజంగానే తగ్గుతుంది. మందును రోజంతా కొద్దికొద్దిగా విడుదల చేసేలా తయారైన మాత్రలను మాత్రం విరవకూడదు. విరిస్తే ఆ మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. కడుపులో కరగకుండా పైపూత వేసినవాటిని కూడా విరవకూడదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్‌లో మామూలు మాత్రా, ఇలా విరవకూడని మాత్రా రెండూ దొరుకుతాయి, అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

రెండో సంగతి, మందు అసలు పేరు. కంపెనీ పెట్టిన పేరు వేరు, లోపలున్న మందు పేరు వేరు. చీటీ మీద అసలు పేరు రాయించుకుంటే, అదే మందును జనరిక్‌గా తక్కువ ధరకు కొనుక్కోవచ్చు. "చౌక మందు పనిచేస్తుందా" అన్న అనుమానం నేను రోజుకు పదిసార్లు విన్నాను. చాలా జనరిక్ మందులకు అనుమతి ఇచ్చే ముందు, మందు రక్తంలోకి ఎంత చేరుతోంది, ఎంత వేగంగా చేరుతోంది అన్నది అసలు కంపెనీ మందుతో పోల్చి పరీక్షిస్తారు. ధర తగ్గేది మందులో సరుకు తగ్గి కాదు. పోటీగా తయారుచేసేవారు పెరగడం వల్ల. హెచ్‌ఐవీ మందులనే తీసుకోండి. ఒక మనిషికి ఏడాదికి 10,000 డాలర్లు దాటిన మందుల కలయికను 2001లో సిప్లా అనే జనరిక్ కంపెనీ 350 డాలర్లకు ఇస్తామని ముందుకు వచ్చింది. ఆ ధరలు పడిపోవడం వల్లే లక్షలాది పేదలకు ఆ వైద్యం అందుబాటులోకి వచ్చింది. అయితే మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలుచబరిచే కొన్ని మందుల విషయంలో కంపెనీ మారిస్తే డాక్టరుకు చెప్పి మార్చాలి.

మీ అమ్మగారి జబ్బులకు వాడే ముఖ్యమైన మందులు చాలావరకు పాతవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో మొదటిసారి అత్యవసర మందుల జాబితా ఒకటి ప్రకటించింది. ఎక్కడైనా, ఏ ఆరోగ్య వ్యవస్థలోనైనా, ప్రజలు భరించగల ధరలో ఎప్పుడూ దొరకవలసిన మందులు అవి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఇప్పటి జాబితాలో ఉన్నాయి. అందుకే చాలా దేశాల్లో ప్రభుత్వ ఆసుపత్రులు వీటిని ఉచితంగానో, నామమాత్రపు రుసుముకో ఇస్తాయి. "అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటితో అమ్మకు సరిపెట్టగలరా?" అని అడిగి చూడండి. అందరికీ కాకపోయినా చాలామందికి సరిపోతాయి.

ఇక ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న. మీరిప్పుడు ఎలాంటి ఆసుపత్రికి వెళుతున్నారో రాయలేదు. పెద్ద ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చూస్తేనే వైద్యం అన్న నమ్మకం పేదవారికి చాలా ఖరీదు పడుతుంది. బీపీ, షుగర్‌లను నెలనెలా చూసే పని ఇంటికి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చేయగలదు. 1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరంలో ప్రపంచంలోని చాలా దేశాలు కూర్చుని తేల్చింది ఇదే. ఆరోగ్యం మొదట దొరకవలసింది మనుషులు ఉండే చోటికి దగ్గర్లో, వారు భరించగల ఖర్చులో అన్నారు. దగ్గర్లోని కేంద్రంలో చూపించి, అక్కడ తేలనిది ఉంటే వారి చీటీతో పైకి వెళ్లండి. పై ఆసుపత్రుల్లో వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్నవి, ధర్మసంస్థలు నడిపేవి ముందు చూడండి. ఆదాయాన్ని బట్టి రుసుము తగ్గించే పద్ధతి చాలాచోట్ల ఉంటుంది, గోడ మీద మాత్రం రాసి ఉండదు. ఇలాంటి సాయం చూడటానికే పెద్ద ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఒక సామాజిక కార్యకర్త (సోషల్ వర్కర్) ఉంటారు. "ఖర్చు విషయంలో సాయం చేసేవారు ఎవరు, ఎక్కడ కూర్చుంటారు?" అని వెళ్లిన వెంటనే అడగండి, బిల్లు చేతికి వచ్చాక కాదు. గుర్తింపు పత్రం, ఆదాయం తెలిపే పత్రం, పాత చీటీలు ఒకే కవరులో పెట్టుకుని వెళితే ఒక రోజు కూలి అయినా మిగులుతుంది. పత్రం లేదని వెనక్కి పంపితే పోయేది మీ పని రోజే కదా.

ఇవన్నీ అడుక్కోవడం అని మీకు అనిపించవచ్చు. కాదమ్మా. బ్రిటన్ 1948 జులై 5న, రెండో ప్రపంచ యుద్ధపు అప్పుల్లో ఉండి కూడా, అందరికీ వైద్యం ఉచితం చేసింది. థాయిలాండ్ ధనిక దేశం కాకపోయినా 2002 నాటికి ఏ బీమా లేనివారందరినీ ప్రభుత్వ పథకంలోకి తెచ్చింది. మొదట్లో ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ 30 బాత్‌లు (ఆ దేశపు డబ్బు) కడితే చాలన్నారు. ఆ దేశాల్లో మీలాంటి కూతురు దీన్ని హక్కుగా అడుగుతుంది. జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు బ్రిటన్‌లోని వేల్స్‌లో గని కార్మికుల మధ్య పనిచేశారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ దొరుకుతుందని, వైద్యాన్ని బజారుకు వదిలిన కొద్దీ ఈ తేడా పెరుగుతుందని 1971లో రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం వైద్యం ఖర్చు వల్ల ఆర్థిక ఇబ్బందుల్లో పడినవారు ఈ భూమి మీద సుమారు 200 కోట్ల మంది. మీరు కౌంటరు దగ్గర గొంతు తగ్గించి అడిగేటప్పుడు ఈ అంకె గుర్తు చేసుకోండి. ఇంతమందికి ఒకే కష్టం వచ్చిందంటే తప్పు ఆ ఇళ్లలో లేదు.

పరీక్షల సంగతి. రాసినవన్నీ ఒకేసారి చేయించలేకపోతే "ఈ పరీక్ష ఫలితం వస్తే అమ్మ వైద్యంలో ఏం మారుతుంది?" అని ఒక్కొక్కదాని గురించి అడగండి. 2012లో అమెరికాలో డాక్టర్లే మొదలుపెట్టిన చూజింగ్ వైజ్లీ అనే ప్రచారం ఇలాంటి ప్రశ్నలనే రోగులకు నేర్పింది. ఈ పరీక్ష నిజంగా అవసరమా, ఇంతకన్నా తేలికైనది ఉందా, ఏమీ చేయకపోతే ఏమవుతుంది అన్నవి వాటిలో ఉన్నాయి. షుగర్, బీపీ రెండూ ఉన్నవారికి మూడు నెలల సగటు షుగర్ తెలిపే పరీక్ష, మూత్రపిండాల కోసం రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఏడాదికోసారి కంటి వెనక పొర పరీక్ష వదలకూడనివి. తల నుంచి కాలి దాకా అన్నీ చూస్తామనే ప్యాకేజీల జోలికి పోకండి. ఖర్చులేని పరీక్ష ఒకటి మీ ఇంట్లోనే ఉంది. రోజూ రాత్రి అమ్మ పాదాలు, వేళ్ల సందులు చూడండి. షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, గాయమైనా తెలియకపోవచ్చు. చిన్న పుండుగా ఉన్నప్పుడు చూపిస్తే కట్టుతో పోయేది, ముదిరితే కాలు తీసేదాకా వెళుతుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది మందులకు తోడుగా పనిచేస్తుంది, వాటికి బదులుగా కాదు. మందులన్నీ మాన్పిస్తామని ప్రకటనలిచ్చేవారికి ఒక్క పైసా ఇవ్వకండి.

అప్పు గురించి. అప్పు చేసినా తప్పులేని సందర్భాలు ఉన్నాయి, అవి వచ్చినప్పుడు మాత్రం ఆలోచిస్తూ కూర్చోకూడదు. మూతి ఒక పక్కకు వంకర పోయినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, ఛాతీ బిగపట్టి చెమటలు పోసినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. డబ్బు సమకూర్చుకుని వెళదామని ఆగితే ఆ గడువు దాటిపోతుంది. ముందే అనుకుని చేయించే ఆపరేషన్లయితే తొందరపడకండి. మొత్తం ఎంతవుతుంది, అందులో మత్తు, మందులు, గది, తరువాత చూపించుకునే ఖర్చు కలిసి ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి. మరో చోట కూడా అడగండి. బిల్లు వచ్చాక పద్దుల వారీగా ఇవ్వమనండి. వాడని మందు, చేయని పరీక్ష బిల్లులోకి ఎక్కడం అరుదు కాదు. వడ్డీకి తెచ్చే ముందు, ఆసుపత్రికే వాయిదాల్లో కడతానని అడిగి చూడండి.

అమ్మతో కూడా మాట్లాడండి. తన మాత్రలు తగ్గాయని ఆవిడకు మీరనుకున్నదానికన్నా ఎక్కువే తెలిసి ఉంటుందని నా అనుమానం. మాత్ర సగమైందని గమనించని మనిషి ఉండరు. మీరు నొచ్చుకుంటారని అడగకుండా ఊరుకుని ఉంటారు. ఆవిడకు తెలిస్తే కళ్లు తిరిగినా, కాళ్లు వాచినా మీకు దాచకుండా చెబుతారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో అన్నింటికన్నా చివర, వెళుతూ వెళుతూ అన్నట్టుగా రాసిన వాక్యం దగ్గరికి వస్తాను. అమ్మ గురించి అంత రాసి, మీ గురించి రెండు ముక్కలు రాశారు. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, అందుకని భయపడకండి. కానీ నొప్పి లేకపోవడం ధైర్యం చెప్పుకోవలసిన గుర్తు కాదు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. రెండు నెలసరులు దాటినా అలాగే ఉందంటే డాక్టరు చేత్తో తాకి చూడవలసిందే. అవసరమైతే స్కానింగ్, సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. అది ఏమైనా సరే, చిన్నదిగా ఉన్నప్పుడు తెలిస్తే వైద్యమూ చిన్నది, ఖర్చూ చిన్నది, బతుకు మీద ఆశా పెద్దది. చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చంకలో గడ్డ తగిలినా రేపటి దాకా కూడా ఆగకండి.

అమ్మ మందుల సంచి పట్టుకుని వెళ్లే రోజే మీ పేరు మీద కూడా ఒక చీటీ రాయించుకోండి. ఆ రోజు ఈ వారంలోనే ఉండాలి. మీ చీటీ అమ్మ చీటీకన్నా ముందు రాయించుకోండి. అమ్మ పని అయ్యేసరికి పనికి వేళైందని మీరు చూపించుకోకుండానే వచ్చేస్తారేమోనని నా భయం.